ఆకాశములో ఇంజను ఆగినయెడల



మా సంఘపు పెద్ద ఒకాయన దుబాయిలోనున్న కుమారుని చూడబోవుచు, నన్ను హైదరాబాదుకు తోడు తీసికొనిపోయెను. పాతబస్తీలో చంద్రాయణగుట్ట దగ్గర బస్సుకొరకు నిలిచియుండగా, శంషాబాదు వైపు ఒక చిన్న జెట్టు దిగుచుండెను. ఆయన దానినే చూచుచు, “అయ్యగారూ, పైన ఇంజను ఆగితే అది రాయివలె పడునా?” అని అడిగెను. ఆయనకు అది మొదటి విమాన ప్రయాణము. నవ్వి ఊరకుండుటకు నాకు మనసొప్పలేదు.

రాయివలె పడదు. విమానమును మోయునది రెక్కలు. ఇంజను ముందుకు నెట్టునంతే. హైదరాబాదుమీద 40,000 అడుగుల ఎత్తున ఇంజన్లన్నియు ఆగినను, మంచి జెట్టు జారుచు జారుచు ఇంచుమించు వరంగల్లు వరకు పోగలదు. ఒక్క ఇంజనే ఆగినయెడల అంత చిక్కును లేదు. చిన్న జెట్లకు రెండు ఇంజన్లు తోకయొద్ద ఒంటికి దగ్గరగా నుండును గనుక, ఒకటి ఆగినప్పుడు విమానము ప్రక్కకు తిరుగుట తక్కువ. పైలటు కాలితో చుక్కానిని త్రొక్కి సరిచేయును. రన్‌వేమీద నిర్ణీత వేగము దాటిన తరువాత ఒకటి ఆగినను, రెండవదానితోనే పైకి లేవగలుగునట్లు వాటిని కట్టుదురు. 2024 జూన్ 20న శంషాబాదు నుండి కౌలాలంపూరుకు బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ పెద్ద విమానమునకు పైకెక్కుచుండగా ఒక ఇంజను చెడెను. అది వెనుకకు తిరిగి క్షేమముగా దిగెను.

అయితే రెండును ఒకేసారి ఆగినయెడల? ఇది అరుదు. కాని 2024 ఫిబ్రవరి 9న అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగెను. ఛాలెంజర్ 604 అను జెట్టు అయిదుగురితో నేపుల్స్ పట్టణమున దిగబోవుచుండెను. అప్పటికి ఎత్తు సుమారు వెయ్యి అడుగులే. అంత తక్కువ ఎత్తునుండి జారి రన్‌వే చేరుట సాధ్యము కాలేదు. పైలట్లు పెద్ద రహదారిమీదనే దింపిరి; విమానము గోడకు కొట్టుకొని మండెను. పైలట్లిద్దరును చనిపోయిరి.

కారణము తుప్పు. ఇంజనులోనికి పోవు గాలిని సరిచేయు చిన్న పలకలు వేగమునుబట్టి తిరుగవలెను. సముద్రపు ఉప్పు గాలికి ఆ భాగములు తుప్పుపట్టి, సరిగా తిరుగలేదని అక్కడి రవాణా భద్రతా బోర్డు తేల్చెను. రెండు ఇంజన్లున్నవి గనుక భయము లేదని మనమనుకొందుము గాని, ఆ రెండును ఒకే ఉప్పు గాలిని పీల్చినవే గదా! మన బావికి రెండు మోటార్లు పెట్టి, రెండింటికిని ఒకే తీగె కలిపినట్లు.

మిగిలిన ముగ్గురు బ్రదికిరి. తలుపులు మంటలచే మూసికొనిపోగా, విమాన పరిచారిక ఇద్దరు ప్రయాణికులను తోకయొద్ద సామాను పెట్టు తలుపుగుండ బయటికి తెచ్చెను.

ఇదంతయు విని పెద్దాయన కొంతసేపు మాటలాడలేదు. బస్సు వచ్చినప్పుడు మాత్రము, “అయ్యగారూ, రేపు నేనెక్కు దానికి వెనుక తలుపు ఎక్కడుండునో ముందుగా అడిగెదను” అనెను.