పసుపు జెండాయు, మన రేవులును

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలకు కృష్ణానది కలదు గాని సముద్రము లేదు. బీచుపల్లియొద్ద నది దాటిన పెద్దలు పుట్టి నెఱుగుదురు. ఓడను చూచినవా రరుదు. 1766వ సంవత్సరపు సంధివలన ఉత్తర సర్కారులును, 1788లో గుంటూరు సర్కారును ఆంగ్లేయుల వశమైన పిదప హైదరాబాదు రాజ్యమునకు తీరమే లేకపోయెను. అట్టి మనకు పరదేశపు ఓడలను ఏ రేవున నిలిపి పరీక్షింపవలెనను చట్టముతో నేమి పని యని విద్యార్థులడుగవచ్చును.

1894లో హాంగుకాంగునందు ప్లేగు చెలరేగెను. 1896 సెప్టెంబరులో బొంబాయి రేవును ఆనుకొనియున్న మాండ్వి పేటలో డాక్టరు వీగాస్ అను వైద్యుడు ఆ వ్యాధిని గుర్తించెను. ఓడలలోని ఎలుకలతో అది వచ్చినదని పండితుల యభిప్రాయము. అటుపిమ్మట ధాన్యపు బస్తాలతోడను, రైలుబండ్లతోడను లోనాడునకు ప్రాకి హైదరాబాదు రాజ్యమును సైతము విడువలేదు. కొన్ని దశాబ్దములలో హిందూదేశమున కోటికి పైగా జనులు మడిసిరి. ఎలుకల యొంటిమీద నెత్తురు త్రాగి ఎగురు చిన్న పురుగు ఈ వ్యాధిని వ్యాపింపజేయునని 1898లో కరాచీ నగరమున సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు ప్రయోగముచే కనుగొనెను. సముద్రము మనకు దూరమే; సముద్రముమీద వచ్చినది మాత్రము దూరముగా నుండలేదు.

ఓడను నిలుపుట క్రొత్త యాచారము కాదు. 1377లో రగూసా పట్టణమువారు వ్యాధిగల దేశములనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపల నుంచిరి. తరువాత నది నలువది దినములాయెను. ఇటాలియను భాషలో నలువదికిగల పేరునుండియే క్వారంటీను అను మాట పుట్టెను. అయితే నియమముండిన చాలునా? 1720 మే నెలలో ఒక ఓడ తూర్పుదేశములనుండి మార్సేల్సు రేవు చేరెను. దారిలోనే అందు పలువురు చనిపోయియుండిరి. సరకులో నగరపెద్దలకు గూడ భాగముండెను. సంతకు బట్టలు అందవలెనను ఆత్రముచే కట్టడి సడలింపబడెను. నగరవాసులలో సుమారు సగము మంది ప్లేగుపాలైరి.

కనుక నే ఓడ యే రేవున దిగవలెనన్నది ఓడవాని యిష్టమునకు విడువరాదని నానాదేశములవారు నిర్ణయించుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో చేసిన నిబంధనలు పలుమార్లు మార్పబడి, 2005లో తిరుగవ్రాయబడి, 2007 జూన్ 15వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. వీనిప్రకారము ప్రతి దేశము కొన్ని రేవులను పేర్కొనవలెను. అట్టి రేవున వైద్యుడు, రోగి నొంటరిగా నుంచు వసతి, మంచినీరు, ఎలుకలను దోమలను రూపుమాపు పనివారు ఉండవలెను. ఓడ శుభ్రమైనదను పత్రము నిచ్చుటకు అధికారముగల రేవుల జాబితాను గూడ ఆ సంస్థకు పంపవలెను. ఆ పత్రము ఆఱు నెలలు చెల్లును. పేరు వ్రాయుట ఒక దినపు పని. పేరునకు తగిన మనుష్యులను సామగ్రిని ఏడాది పొడుగునను నిలుపుట వ్యయముతో గూడినది. ప్రతి చిన్న రేవునకు నది సాధ్యము కాదు.

మన తెలుగు తీరమున విశాఖపట్టణమునందు అట్టి ఆరోగ్యాధికారుల కచ్చేరి కలదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను నావ ప్రవేశించుటతో ఆ రేవు తెఱవబడెను. పరదేశమునుండి వచ్చు ఓడ పసుపు జెండా నెత్తును. మా ఓడ ఆరోగ్యముగా నున్నది, లోనికి రానిండు అని దాని యర్థము. ఆ రంగు చూచి రోగమున్నదని పలువురు తలంతురు గాని, అది విన్నపము మాత్రమే. ఓడ యధిపతి దారిలో నెవరు జబ్బుపడిరో వ్రాసియిచ్చును. అనుమానమున్న వైద్యుడు ఓడ యెక్కి చూచును. ఓడను గట్టున కట్టు త్రాళ్ళకు గుండ్రని రేకులు తొడుగుదురు; ఎలుక త్రాటివెంట నడచి వచ్చి ఆ రేకును దాటలేదు.

నేడు మిక్కిలి భయపడదగినది పచ్చజ్వరము. ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశములలో గలదు, మన దేశమున లేదు. కాని దానిని మోయు దోమ మనయొద్ద సమృద్ధిగా నున్నది! డెంగీ జ్వరమును తెచ్చు దోమయు నదియే. మన యిండ్లలో మూతలేని నీటి తొట్లలోను, గోలెములలోను గ్రుడ్లు పెట్టును. రోగి యొక్కడు వచ్చిన చాలును, తక్కిన సాధనములన్నియు నిచ్చట సిద్ధముగానే యున్నవి. అందుచేతనే ప్రయాణికులుండు రేవుస్థలములచుట్టు కనీసము 400 మీటర్లవఱకు ఇట్టి దోమలను అదుపులో నుంచవలెనని నిబంధన చెప్పుచున్నది.

విమానస్థలములకును ఇట్టి కట్టడులే కలవు. మన జిల్లాలవారు పరదేశమునకు పోవునది సాధారణముగా హైదరాబాదు విమానస్థలమునుండియే. పచ్చజ్వరమున్న దేశమునుండి టీకా పత్రము లేక తిరిగివచ్చువారిని ఆఱు దినములవఱకు వేఱుగా నుంచుదురు. ఆ వ్యాధి బయటపడుటకు పట్టు కాలమది. టీకా వేసిన పది దినములకు గాని పత్రము చెల్లదు; కావున ఆఫ్రికాకు పనికై పోవు బంధువులున్నవారు ప్రయాణమునాడు గాక ముందే వేయించవలెను. 2016 జూలై 11వ తేదీనుండి ఆ పత్రము జీవితాంతము చెల్లుచున్నది.