అడ్డపొగ – పెద్దల నోటికి ముప్పు

ఆరోగ్యం కోసం ఎక్కడెక్కడి వారో అరసవల్లి ఆదిత్యునికి మొక్కుకోవడానికి వస్తారు. అలాంటి మన శ్రీకాకుళం ప్రాంతంలోనే, పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీనినే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని, చేతులతో పని చేసుకోవచ్చని, పంటినొప్పి తగ్గుతుందని వారి నమ్మకం.

కాని ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ముందు అంగిలి తెల్లబడుతుంది. ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. కొందరిలో అది పుండై క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు వల్ల చిగుళ్ళు దెబ్బతిని పళ్ళు కూడా కదులుతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశ పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పులను 1971లో ప్రచురించారు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనం ఒక పని చేద్దాం. నాయనమ్మనో, అమ్మమ్మనో వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని అడిగి అంగిలి చూద్దాం. తెల్లని లేదా ఎర్రని మచ్చగాని, రెండు వారాలైనా మానని పుండుగాని ఉంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళదాం. మొదట్లో నొప్పి ఉండదు కనుక, నొప్పి లేదని ఊరుకోరాదు.

కోప్పడితే చాటుగా కాలుస్తారు. నచ్చజెప్పి మాన్పిద్దాం. అలవాటు మానితే తొలిదశ మచ్చలు తగ్గే అవకాశం ఉంది. ఏ వయసులో మానినా మేలే. మనల్ని పెంచిన పెద్దలకు మన చదువు ఇలా ఉపయోగపడాలి.