సముద్రం మీద గీత ఎక్కడ?

పొలానికి గట్టు ఉంటుంది, ఊరికి పొలిమేర రాయి ఉంటుంది. మరి సముద్రానికి? ఆ మధ్య మా పదో తరగతి పిల్లలతో విశాఖ తీరంలోని ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో మూడు రోజులు గడిపాను. పీతల్నీ నత్తల్నీ చూద్దామని వచ్చినవాళ్ళకు మొదటి రోజే చట్టం పాఠం మొదలుపెట్టేసరికి కొందరు మూతి ముడిచారు.

పుస్తకం తెరవలేదు. అమావాస్య మర్నాడు కావడంతో ఆటుపోట్లు పెద్దవిగా ఉన్నాయి. ఉదయం పోటు నిండుగా ఉన్నప్పుడు నీటి అంచు వెంట ఒక వరుస కర్రలు పాతాం. మధ్యాహ్నం ఆటు బాగా తీశాక మరో వరుస పాతాం. నీటిమట్టంలో తేడా ఒకటిన్నర మీటరే. కాని అక్కడ ఇసుక ప్రతి 25 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉంది. కనుక రెండు వరుసల మధ్య దూరం 1.5 × 25, అంటే సుమారు 37 మీటర్లు. టేపు పట్టి చూస్తే ఇంచుమించు అంతే వచ్చింది.

దేశపు హద్దు ఏ వరుస నుండి కొలవాలి? ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన 1982లో కుదిరిన సముద్ర చట్టాల ఒడంబడిక ప్రకారం, ఆటు తీసినప్పటి అంచు నుండి! దీనినే ఆధార రేఖ అంటారు. అక్కడి నుండి 12 నాటికల్ మైళ్ళు ప్రాదేశిక జలాలు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు, కాబట్టి ఇది 22 కిలోమీటర్ల పైచిలుకు. 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల వరకు, ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడ పరదేశపు ఓడ ప్రయాణించవచ్చు గాని చేపలపైనా చమురుపైనా హక్కు తీర దేశానిదే. మన దేశం ఈ దూరాలను 1976లోనే తన చట్టంలో రాసుకుంది.

రెండో రోజు సాయంత్రం ఒక కుర్రవాడు అడిగాడు: "మాస్టారూ, మా మావయ్య గుజరాత్‌లో వెరావల్ పడవల మీద వేటకు పోతాడు. ఆ గీత ఆయనకెలా కనబడుతుంది?"

కనబడదు. పడవలో నిలబడ్డ మనిషి కన్ను నీటికి 4 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. భూమి గుండ్రంగా ఉండడం వల్ల అతనికి నీటి అంచు 7 కిలోమీటర్ల దూరంలోనే ముగిసిపోతుంది. ఆ పైన దారి చూపేది ఉపగ్రహ పరికరమే. ఇంజను చెడితే పడవను నడిపేవి గాలీ ప్రవాహమూ. వాటికి హద్దులేం తెలుసు?

అందులోనూ గుజరాత్ కొసన ఉన్న సర్ క్రీక్ తగాదా తీరకపోవడంతో భారత్, పాకిస్తాన్‌ల మధ్య సముద్రపు హద్దు ఒప్పందంతో ఖాయం కాలేదు. 2018 నవంబరులో వెరావల్ నుండి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. ఆ పధ్నాలుగు నెలలు వారి ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ కుర్రవాడికి నాకంటే బాగా తెలుసు.

ఒడంబడిక 73వ అధికరణం చదివి వినిపించాను. ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధన మీరినవారికి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయరాదు. పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ త్వరగా వదలాలి. భారత్ 1995లోనూ, పాకిస్తాన్ 1997లోనూ ఈ ఒడంబడికను ఆమోదించాయి. అయితే ఈ రక్షణ ప్రాదేశిక జలాలకు వర్తించదు. పట్టుబడిన చోటు ఒడ్డుకు 21 కిలోమీటర్లా, 24 కిలోమీటర్లా అన్నదానిపై ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడవచ్చు. ఇసుకలో పాతిన కర్రలు అప్పుడు పిల్లలకు ఆటగా తోచలేదు. (ఈ ఒడంబడిక తగాదాలు వినే న్యాయస్థానం జర్మనీలోని హాంబర్గ్‌లో ఉంది. 1999 నుండి 2002 వరకు దాని అధ్యక్షుడు మన తెలుగువాడు పాటిబండ్ల చంద్రశేఖరరావు.)

చివరి రోజు కర్రలు పీకుతుండగా ఒక అమ్మాయి మరో ప్రశ్న వేసింది: "ఉప్పాడలో సముద్రం ఒడ్డును కోసేస్తోంది కదండీ, మరి ఆధార రేఖ కూడా వెనక్కి జరుగుతుందా?" నౌకాపటంలో గుర్తించిన ఆటు రేఖే లెక్క కనుక, పటం మార్చి గీసినప్పుడు అదీ జరుగుతుందని చెప్పాను. సముద్రమట్టం పెరుగుతున్న ఈ రోజుల్లో పాత గీతనే ఉంచాలని చిన్న ద్వీప దేశాలు పట్టుబడుతున్నాయి. ఎవరి వాదం న్యాయమో తిరుగు ప్రయాణంలో బస్సులో తేలలేదు.