వాయువుల బరువు, వేగము: గోబర్ గ్యాస్ గల సభ్యులకు పాఠము

మేము హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వచ్చినప్పుడు సభ్యులు అడిగే ప్రశ్న ఇది: "మూత తీసి పూటంతా ఉంచినాము గదా, గోబర్ గ్యాస్ గుంతలోకి దిగవచ్చునా?" దిగరాదు. కారణం వినండి.

పశువుల కొట్టంలోని ఘాటు వాసన అమోనియాది. దాని అణుభారం 17, గాలిది సగటున 29. తేలిక వాయువు త్వరగా వ్యాపిస్తుంది, బరువైనది నిదానిస్తుంది. ఈ వేగం అణుభారపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉండును. దీనిని గ్రాహం సూత్రమందురు.

గోబర్ గ్యాసులో ముఖ్యమైనవి మీథేన్ (16), బొగ్గుపులుసు వాయువు (44). 44ను 16చే భాగించగా 2.75, దాని వర్గమూలం సుమారు 1.66. అనగా సన్నని రంధ్రం గుండా మీథేన్ అన్ని రెట్లు వేగంగా పోతుంది. బయటి గాలిలో తేడా తగ్గినా, వెనుకబడేది బరువైనదే. పైగా అది గాలికంటె బరువు గనుక, గాలి ఆడని గుంత అడుగున నిలిచిపోతుంది. దానికి వాసన లేదు. కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడుకు కుళ్ళిన గ్రుడ్డు వాసన ఉన్నా, అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఏమీ తెలియదు.

కనుక సభ్యులు గమనించవలసినవి:

1. తాము దిగరాదు, కూలీని దింపరాదు. పైనుండి పొడవు కర్రతోనే కలుపవలెను.
2. దీపం దించి చూడరాదు, మీథేన్ అంటుకొనును.
3. ముక్కుకు తడిగుడ్డ కట్టినా ప్రయోజనం లేదు. లోపల ప్రాణవాయువే కరువు.
4. ఎవరైనా పడిపోతే వెంట దూకరాదు. వెంటనే 101కు ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలువవలెను.

ఈ పాఠమును పాలు పోయు వేళ సంఘంలో అందరికీ చదివి వినిపించ ప్రార్థన.