పిలుపు ఒక్కటే చాలదు

ఆదివారం ఆరాధన అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికి వస్తారు. నీట్‌కు చదువుతున్నవాళ్లు. "తాతయ్యా, మిషన్ డాక్టరు కావాలంటే ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతారు. నేను ఆలస్యంగా నేర్చుకున్నవే వాళ్లకు చెబుతుంటాను.

1. రోగి మాట రానివాడి చదువు సగం చదువే.

ఐడా స్కడర్ గారు 1918లో మొదలుపెట్టిన వెల్లూరు వైద్య విద్యాలయంలో, సంఘానికి బాండు రాసిచ్చి చదువుకున్నాను. తెలుగువాణ్ణే కదా, నాకు భాషతో ఏం ఇబ్బంది అనుకుని తెలంగాణ పల్లెల మధ్య ఉన్న ఓ మిషన్ ఆసుపత్రిలో చేరాను. కుష్ఠు సోకిన ఒకామె పాదం పట్టుకుని "స్పర్శ తెలుస్తోందా?" అని అడిగాను. ఆమె తలూపింది. కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ మొనతో తాకి చూడాల్సింది. ఓపీలో ఇంకా నలభై మంది ఉన్నారని ఆ పని చేయలేదు. చలికాలంలో ఆమె నెగడు దగ్గర కూర్చుంది. చర్మం కాలిన వాసన ముక్కుకు తగిలేదాకా తన కాలే కాలుతోందని ఆమెకు తెలియలేదు. రెండు వేళ్లు పోయాయి. కట్టు కడుతుంటే మా ఆయమ్మ అంది: "సారూ, స్పర్శ అంటే ఆమెకేం ఎరుక? కాలు మొద్దువారిందా అమ్మా అని అడగాలె." యాభై ఏళ్లయినా ఆ మాట నా చెవిలోనే ఉంది.

మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ గారు గుంటూరు వచ్చింది 1883లో. పంపిన సంఘం ఆమెను మొదట వైద్యం కోసం నియమించనే లేదు. ఆమె ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలోని ఆ పదిహేనేళ్లు వృథా అని నా చిన్నతనంలో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. మనుషుల మాట నేర్చుకోవడానికీ ఏళ్లు పడతాయి.

2. గడప దాటి లోపలికి వెళ్లకుండా ఎవరినీ కోప్పడకు.

కుష్ఠులో వేళ్లు పోవడానికి అసలు కారణం నొప్పి తెలియక తగిలే దెబ్బలేనని, 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు తేల్చి చెప్పారు. అందుకే మేం మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఇచ్చేవాళ్లం. కాలు కాలిన ఆమె మళ్లీ ఒట్టికాళ్లతో, కొత్త పుండుతో వచ్చింది. వార్డులో అందరి ముందూ కేకలేశాను. నెల తర్వాత వాళ్ల ఊరు వెళ్తే ఆ చెప్పులు పాత చీరపేలికలో చుట్టి అటక మీద ఉన్నాయి. ఇంట్లో కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఆ చెప్పులు చూస్తే పెద్దరోగమని ఊరంతటికీ తెలిసిపోతుంది. తర్వాత మా చెప్పులు కుట్టే ఆయన అందరూ వేసుకునే చెప్పులకే లోపల ఆ మెత్తటి అట్ట వేసి ఇచ్చాడు. ఆమె వేసుకుంది. నేను మాత్రం ఆమెకు క్షమాపణ చెప్పలేదు. అప్పటికి నాకు అంత వినయం రాలేదు.

3. లెక్కల పుస్తకం చదవడమూ పరిచర్యే.

1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి కట్టినప్పుడు చేయూతనిచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆ ఆసుపత్రిని నిలబెట్టిన వాళ్లలో ఈ నేల మీది మనుషులూ ఉన్నారు. నా తరం విదేశీ చందా ఎప్పటికీ వస్తుందనుకుని లెక్కల పుస్తకం తెరవలేదు.

4. నీ చేతిలోని పని ఇంకో చేతికి ఇవ్వు.

ఇది నా పెద్ద తప్పు. ప్రతి ఆపరేషన్ నేనే చేశాను, అదే సమర్పణ అనుకున్నాను. నేను వచ్చేశాక ఆ థియేటరుకు తాళం పడింది. ఆ తాళం నేనే వేశాననిపిస్తుంది.

అందుకే ఆదివారాలు పిల్లల కళ్లు మూయించి, బాల్‌పెన్ మొనతో అరికాలు తాకడం నేర్పిస్తున్నాను. మొన్న ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని అడిగాను, "మొద్దుబారడాన్ని మీ నాయనమ్మ ఏమంటుందమ్మా?" అని. తెలియదంది. తిరిగి హాస్టల్‌కు వెళ్లేముందు మా గేటు దగ్గరే నిలబడి వాళ్ల నాయనమ్మకు ఫోన్ చేసింది.