సూర్యుని చూచు విధము

సమస్త జీవకోటికిని సూర్యుడే ఆధారము. ఆ బింబముపై ఏమున్నదో చూడవలెనను కుతూహలము మానవునకు సహజము. కాని చంద్రుని చూచినట్లు దూరదర్శినితో సూర్యుని చూడరాదు. చూచినచో క్షణకాలములో కన్ను చెడిపోవును.

ఎండలో మన కంటిపాప సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పునకు ముడుచుకొనును. ఒక చిన్న దూరదర్శిని ముందుకటకము వెడల్పు 60 మిల్లీమీటర్లు అనుకొందము. వెడల్పు 30 రెట్లయినచో వైశాల్యము 900 రెట్లగును. అనగా ఉత్త కంటిలో ప్రవేశించు కాంతికి సుమారు 900 రెట్ల కాంతిని ఆ కటకము కూర్చి కంటిలోనికి పంపగలదు. భూతద్దముతో ఎండను కూర్చి కాగితమును కాల్చుట మీరెరిగినదే. ఇచ్చట కాగితమునకు బదులు కన్నుండును. కంటిలోని నేత్రపటలమునకు నొప్పి తెలియదు; అది కాలుచున్నను బాధ కలుగదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట చూపు నడుమ మచ్చ యేర్పడినట్లు తెలియును. అట్లు పోయిన చూపును తప్పక తిరిగి తెచ్చు చికిత్స నేటికిని లేదు.

దూరదర్శిని వెలసిన తొలిదినములలో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ హేరియట్ పొగమంచులోను, ప్రాతఃకాలమునను సూర్యుని నేరుగా చూచెడివాడు. 1612లో ఒకనాడు అట్లు చూచిన పిమ్మట తన చూపు గంటసేపు మసకబారెనని అతడు వ్రాసికొనెను. ఆ కాలముననే ఇటలీలో గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి ఒక చక్కని ఉపాయము కనుగొనెను. దూరదర్శిని వెనుక కన్ను ఉంచుటకు మారుగా తెల్లకాగితము నుంచినచో, దానిపై సూర్యబింబము స్పష్టముగా పడును. గెలీలియో ఈ విధముగా సూర్యునిపై మచ్చలను దినదినము చిత్రించి, సూర్యుడు సుమారు నెలదినములకొకసారి తన చుట్టు తాను తిరుగుచున్నాడని నిరూపించెను. ఆ చిత్రములు 1613లో ప్రకటితమైనవి.

ఈ పద్ధతిని మనమును పెద్దల సమక్షమున అనుసరింపవచ్చును. దూరదర్శినిని సూర్యునివైపు త్రిప్పునపుడు దానిలో తొంగి చూడరాదు. నేలపై పడు గొట్టపు నీడ మిక్కిలి చిన్నదైనపుడు అది సూర్యునికి సూటిగా నున్నదని గ్రహింపవలెను. ప్రక్కనుండు చిన్న దూరదర్శినికి మూత పెట్టవలెను. చూచువారందరు సూర్యునికి వీపు త్రిప్పి, కాగితమునే చూడవలెను. పసిపిల్లలున్నచోట దూరదర్శినిని ఒంటరిగా విడువరాదు.

నేరుగా చూడగోరువారు సూర్యదర్శనమునకై ప్రత్యేకముగా చేసిన వడపోత పలకను ముందుకటకమునకు ముందు గట్టిగా బిగింపవలెను. కంటివైపు బిగించు పలక వేడికి పగులవచ్చును. పొగపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, నల్లకళ్లద్దములు ఏవియు రక్షణ నీయవు. గ్రహణ వీక్షణమునకై చేసిన కళ్లద్దములు ధరించియు దూరదర్శినిలో చూడరాదు. కూడిన ఎండ వానిని కాల్చివేయును.

సూర్యుడు రేపును ఉదయించును. చెడిన కన్ను మరల వచ్చునను నమ్మకము లేదు. కావున తొందరపడక, కాగితముపై పడిన బింబమునే చూచి ఆనందింపుడు.