కల్ల చుక్కలు

అమావాస్య నాటి రాత్రి నిర్మలమైన ఆకాశమును చూచి ఆనందింపని వారుండరు. కాని మన కంటికి కనబడు నక్షత్రములు కొన్ని వేలు మాత్రమే. అంతకంటె మసకయైన వానిని చూపునది దూరదర్శినికి అమర్చిన కెమేరా. కన్ను తాను చూచిన వెలుగును నిలువచేయజాలదు. కెమేరా దానిని నిమిషముల కొలది కూడబెట్టును.

ఈనాటి కెమేరాలో ఫిల్మునకు మారుగా సిలికానుతో చేసిన చిన్న ఫలక ముండును. దానిని సెన్సరు అందురు. ఇట్టి వానిలో ప్రసిద్ధమైన సి.సి.డి.ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అందులకై 2009లో వారు నోబెల్ బహుమానమున భాగము పొందిరి.

సెన్సరుపై లక్షల కొలది సూక్ష్మమైన గడులు గలవు. కాంతి గడిపై పడినపుడు అందు ఎలక్ట్రానులు విడివడును. అవి ఎంత హెచ్చుగా చేరిన, చిత్రమున ఆ చోట అంత వెలుగు కనబడును.

అయితే ఇందొక చిక్కు కలదు. వేడిమి కూడ ఎలక్ట్రానులను విడిపింపగలదు. ఏది కాంతి వలన వచ్చినదో, ఏది వేడిమి వలన వచ్చినదో సెన్సరు ఎరుగదు. అందుచే ఆకాశమున లేని చుక్కలు చిత్రమున మొలచును. ఉన్న మసక నక్షత్రము వాని నడుమ మరుగుపడును. సంత గోలలో మెల్లని మాట వినబడదు గదా! ఇదియు నట్టిదే. కావున దీనిని ‘రొద’ అందురు.

దీనికి మూడు ఉపాయములు గలవు. మొదటిది చల్లబరచుట. సెన్సరు వేడిమి సుమారు 6 లేక 7 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గినపుడెల్ల ఈ కల్ల ఎలక్ట్రానులు ఇంచుమించు సగమగును. లడఖ్‌లోని హన్లే యందు 4,500 మీటర్ల ఎత్తున హిమాలయ చంద్ర దూరదర్శిని గలదు. శీతకాలమున అచ్చట నీరు గడ్డకట్టును. ఆ చలియు చాలక, అచ్చటి కెమేరాను ద్రవ నత్రజనితో చల్లబరతురు. ద్రవ నత్రజని సున్నకు 196 డిగ్రీలు దిగువననే మరుగును!

రెండవది, మూతవేసి చిత్రము తీయుట. అసలు చిత్రమునకు పట్టినంత కాలమే, అంత వేడిమియందే దీనిని తీయవలెను. వెలుగు చొరలేదు గనుక ఇందు కనబడునవి సెన్సరు సొంత దోషములే. దీనిని అసలు చిత్రము నుండి తీసివేసినచో, ఎల్లప్పుడు ఒకే గడిలో కనబడు కల్ల చుక్కలు తొలగును.

మూడవది, పెక్కు చిత్రములు తీసి, నక్షత్రములు ఒకదానిపై నొకటి వచ్చునట్లు సరిపరచి సగటు కట్టుట. క్రమము లేక వచ్చు రొద 16 చిత్రముల సగటున నాలుగవ వంతగును; నక్షత్రము మాత్రము చెక్కు చెదరక నిలుచును.

చిత్రమున క్రొత్త చుక్క కనబడిన వెంటనే శాస్త్రజ్ఞుడు పొంగిపోడు. అది ఆకాశమున నున్నదా, తన కెమేరాలో నున్నదా యని మొదట పరీక్షించును. తన పనిముట్టు దోషమును ముందుగా ఎరిగిన వానికే దూరపు చుక్క నిజము తెలియును.